ఎవరూ వాడని పేరు

మా అన్నయ్య నా గదికి రావడం మానేసి నాలుగేళ్ళు దాటింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్ళు పట్టేస్తున్నాయి అనేవాడు. ఆ రోజు మాత్రం ఆ మోకాళ్ళతోనే మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడి రొప్పుతూ, బల్ల మీద విప్పి పెట్టిన యాంప్లిఫయర్‌ని చూశాడు.

"ఇంకా ఈ తీగలు చుట్టడం మానలేదన్నమాట," అన్నాడు. పలకరింపు అదే.

కుర్చీ మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు తీసి కింద పెట్టాను. కూర్చోలేదు.

"పేరు అమ్మేస్తున్నానురా."

ఏ పేరు అని నేను అడగలేదు. మా ఇద్దరికీ కలిపి మిగిలింది ఒకటే పేరు. నాదోలా.

రేకుల షెడ్డులో మేమిద్దరం యాంప్లిఫయర్లు చెయ్యడం మొదలుపెట్టినప్పుడు "నాదం" అని పెడదామన్నది నేను. "ఒట్టి నాదం అంటే ఎవడు కొంటాడురా? సరుకు సముద్రాలు దాటి వచ్చినట్టు వినపడాలి," అని వెనకాల "ఓలా" అన్న తోక తగిలించింది అన్నయ్య. సగం నాది, సగం ఆయనది. కాగితం మీద మాత్రం మొత్తం ఆయనదే. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు నింపింది ఆయన, యజమాని అన్నచోట రాసుకున్నది ఆయన పేరు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆయన ముందు గదిలో మనుషులతో మాట్లాడేవాడు, నేను వెనక కాయిళ్ళు చుట్టేవాణ్ణి. ఏ కాగితం వచ్చినా ఆయన సంతకం పెట్టి వేలితో కింద చూపించేవాడు, నేను అక్కడ పెట్టేవాణ్ణి. చదవడం రాక కాదు. కూడబలుక్కుంటే వస్తుంది. కానీ చదివితే అన్నయ్యని నమ్మనట్టు ఉంటుందని నా ఏడుపు.

ఒక్క డొమైన్ మాత్రం నా పేరు మీద ఉంది. దుకాణాల బోర్డుల మీద వెబ్‌సైట్ అడ్రసులు రాయించుకుంటున్న రోజుల్లో, కంప్యూటర్ సెంటర్ అమ్మాయి మీరూ తీసుకోండి అంది. అన్నయ్య నవ్వేశాడు. "యాంప్లిఫయరు చెవి పెట్టి విని కొనేదమ్మా. కంప్యూటర్లో చూసి కొనడానికి అదేమన్నా చీరా?" అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే నేను తీసేసుకున్నాను. ఏటా గడువు తీరకముందే వెళ్ళి కట్టి వస్తున్నాను. అందులో ఉన్నది ఒకే పేజీ. ఒక యాంప్లిఫయర్ సెట్టు ఫొటో, కింద నా ఫోన్ నంబరు.

ఏడేళ్ళ కిందట షెడ్డు మూసేశాం. మూసేశాం అని మర్యాదకి అంటున్నాను, మూసింది ఆయన. చేత్తో చేసిన సెట్టు ఎవడికీ అక్కర్లేదు, కొట్టులో దొరికే ప్లాస్టిక్ డబ్బాయే ముద్దు అని లెక్క తేల్చి, షట్టరు దింపి, వదినతో సహా అల్లుడింటికి చేరాడు. నేను కాయిల్ మిషను మోసుకుని ఈ గదికి వచ్చాను. రిపేర్లతో నడుస్తోంది. మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేసి, పాత నాదోలా లాంటిది ఒకటి చేసి పెడతారా అని అడుగుతారు. చేసి పెడతాను. ఏడేళ్ళలో ఇరవై మూడు చేశాను. ఒక్కొక్కటీ బల్ల మీద పగలూ రాత్రీ ఆపకుండా మోగాలి. గుర్రుమనే చప్పుడు ఒక్కసారి కూడా రాకపోతే, అప్పుడు ముందు పలక మీద అల్యూమినియం పేరు అతికిస్తాను. ఏ సెట్టుకైనా చివరి పని అదే. ఆ పని కోసమే మిగతా పనంతా చేస్తానని ఒక్కోసారి అనిపిస్తుంది.

"ఎవరు కొంటున్నారు?" అని అడిగాను.

"చెవుల్లో పెట్టుకునేవి అమ్ముతారే, ఆ కంపెనీ. వాళ్ళు ఏదీ తయారు చెయ్యర్రా. ఎక్కడో చేయించి డబ్బా మీద పేరు కొట్టి అమ్మేస్తారు. పేరు పాతదైతే జనం నమ్ముతారట. రిజిస్టరైన పేరు కావాలి, అదే పేరుతో డొమైన్ కావాలి. ఒకటుండి ఒకటి లేకపోతే వద్దంటున్నారు. చొక్కా ఉండి ప్యాంటు లేనట్టు ఉంటుందట."

"అంటే ప్యాంటు కోసం వచ్చావన్నమాట."

"వెటకారం తర్వాత చేద్దువుగాని. అల్లుడింట్లో ముందుగదిలో పడుకుంటున్నాన్రా నేను. వాళ్ళకి చుట్టాలొస్తే మంచం మడిచి బాల్కనీలో పెట్టుకోవాలి. మీ వదిన బట్టలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి. రెండు గదులు అద్దెకి తీసుకుని మా తలుపు మేం వేసుకుంటాం. అంతకుమించి నాకేం కోరికలు లేవు."

వదిన బట్టల మాట ఎత్తకుండా ఉంటే బాగుండేది.

"డొమైన్ ఇస్తాను," అన్నాను. "నాకు రూపాయి వద్దు. కాగితంలో ఒక్క లైను రాయించు. నేను బతికున్నన్నాళ్ళూ, నా చేత్తో చేసిన సెట్టు మీద ఆ పేరు వేసుకోవచ్చని."

అన్నయ్య అప్పుడు కూర్చున్నాడు. కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"రాయిస్తాను. కానీ నువ్వు సెట్లు చేస్తున్నావని మాత్రం వాళ్ళతో అనకు. మేం కొనే పేరు మీద మూడో అంతస్తులో ఎవడో దొంగ సరుకు చేస్తున్నాడంటారు. బేరం అక్కడే చస్తుంది. ముందు సంతకాలవనీ, తర్వాత మెల్లగా ఆ లైను సంగతి కదుపుతాను."

జేబులోంచి కాగితం తీశాడు. టైపు చేయించి తెచ్చాడు, తన సంతకం అప్పటికే ఉంది. వేలితో కింద చూపించాడు. నేను పెట్టాను. చదవలేదు. యాభై మూడేళ్ళొచ్చినా బుద్ధి రాలేదు.

వారం తర్వాత లాయరు ఆఫీసుకి వెళ్ళాం. అద్దాల గది, పొడుగు బల్ల, ఎవరూ తాగని నీళ్ళ సీసాలు. కొనేవాళ్ళ తరఫు లాయరమ్మ ఒక పక్క, కంపెనీ మనిషి ఒక పక్క. అతనికి ముప్ఫై ఉంటాయేమో. లాప్‌టాప్‌లోంచి తలెత్తి మాకు నమస్కారం పెట్టి మళ్ళీ తల దించుకున్నాడు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. షెడ్డులో పెద్ద గిరాకీ వచ్చినప్పుడు కూర్చున్నట్టే వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

లాయరమ్మ కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ, మేం సంతకాలు పెట్టిన దాని దగ్గర ఆగింది. కళ్ళజోడు తీసింది.

"ఇది మీరిద్దరూ రాసిచ్చిందేనా? ఏడేళ్ళుగా ఈ పేరుతో ఎవరూ ఏ సరుకూ చెయ్యలేదు, అమ్మలేదు అని ఉంది."

"అక్షరాలా నిజమండీ," అన్నాడు అన్నయ్య. "ఒక్క ముక్క బయటికి పోలేదు. పేరు మడత నలగకుండా దాచిపెట్టాం."

ఆవిడ కంపెనీ మనిషి వైపు చూసింది. అతను టైపు చెయ్యడం ఆపాడు.

"పెద్దాయనా, పేరంటే బీరువాలో దాచుకునేది కాదండీ," అంది లాయరమ్మ. గొంతులో కోపం లేదు. "రిజిస్టరు చేయించాక వాడుతూ ఉండాలి. వరసగా ఐదేళ్ళకి పైగా ఎవరూ వాడలేదంటే, ఎవరైనా అర్జీ పెట్టి కొట్టేయించవచ్చు. మీరు అమ్మాలనుకుంటున్నది ఇవాళో రేపో రాలిపోయే పేరు. పైగా వాడలేదని మీరే సంతకం చేసి తెచ్చారు."

అన్నయ్య మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. షెడ్డు షట్టరు దించిన రోజున కూడా అలా దిగలేదు. తర్వాత నా వైపు తిరిగి భుజం పట్టుకుని ఊపాడు.

"చెప్పరా! చేస్తున్నావు కదా! చెప్పు వీళ్ళకి!" మళ్ళీ వాళ్ళ వైపు తిరిగాడు. "వీడు చేస్తాడండీ. మొదట్నుంచీ చేసిందంతా వీడే. నేను ఊరికే ముందు కూర్చునేవాణ్ణి. వీడి చేతిలో ఉన్న పని ఎవడికీ రాదు."

ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశాను ఆ మాట కోసం. నలుగురి ముందు ఒక్కసారి అంటే చాలనుకున్నాను. డీలర్లు వచ్చినప్పుడు, పేపరువాళ్ళు ఫొటో తీసుకున్నప్పుడు, నన్ను చూపించి "మా కుర్రాడు, టంకం పెడతాడు" అనేవాడు. ఇవాళ అన్నాడు. బేరం పోతుంటే అన్నాడు.

లాయరమ్మ నా వైపు వంగింది. "మీరు చేస్తున్నారా అండీ? అయితే మంచిదే. ఈ కాగితం పొరపాటున రాశాం అని ఇంకోటి రాసివ్వాలి. కొన్నవాళ్ళు నలుగురు మాట సాయం చేస్తే చాలు, పేరు బతికినట్టే."

"ఒకటి అడగొచ్చా?" అన్నాను.

"అడగండి."

"పేరు మీకిచ్చాక, నా సెట్ల మీద నేను వేసుకోవచ్చా? చేస్తే గీస్తే ఏడాదికి మూడో నాలుగో, అంతే. మా అన్నయ్య మీకు చెప్పే ఉంటాడు."

అన్నయ్య బల్ల మీది నీళ్ళ సీసా వైపు చూశాడు. చెప్పలేదని అర్థమైంది.

కంపెనీ మనిషి నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, అదే ఇంకా మండించింది. "అంకుల్, అది కుదరదు. మా బ్రాండ్ మీద బయటివాళ్ళ సరుకు ఎలా ఉంటుంది చెప్పండి? కావాలంటే మీ కథ మా వెబ్‌సైట్‌లో పెడతాం. మీరు పనిచేస్తున్న ఫొటోతో. జనానికి ఇలాంటివి భలే నచ్చుతాయి."

బయటివాళ్ళు! అంటే నేనన్నమాట.

"చెప్పండి," అంది లాయరమ్మ. "చేస్తున్నారా, లేదా?"

ఇరవై మూడు సెట్లూ నా కళ్ళ ముందు ఉన్నాయి. ఏది ఏ నెలలో చేశానో, దేనికి స్విచ్చు దొరక్క ఎన్ని కొట్లు తిరిగానో కూడా చెప్పగలను. అవును అంటే పేరు బతికి వీళ్ళ చేతికి పోతుంది. కాదు అంటే చచ్చిపోతుంది. నా చేతిలో మిగలడం అనేది రెండింట్లోనూ లేదు.

"లేదండీ," అన్నాను. "రిపేర్లు చేస్తాను, అంతే. ఆ కాగితం చదివే సంతకం పెట్టాను."

"ఒరేయ్!" అన్నాడు అన్నయ్య.

కంపెనీ మనిషి లాప్‌టాప్ మూశాడు. "అయితే కొనాల్సిన పనేముంది మేడమ్? కొట్టేయించి మనమే కొత్తగా దరఖాస్తు పెడదాం," అన్నాడు. అంత తేలికని నాకు తెలియదు. పేరు చంపేశాననుకున్నాను. వాళ్ళకి ఉత్త పుణ్యానికి ఇచ్చేశాను.

బయటికొచ్చాక అన్నయ్య లిఫ్టు కోసం ఆగలేదు. రెయిలింగు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. ఒక్కొక్క మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి దిగుతున్నాడు. నేను రెండు మెట్లు వెనకగా నడిచాను. సగం దిగాక ఆగాడు.

"నా నోట్లో మట్టి కొట్టావు కదరా."

"నువ్వు నా లైను అడిగావా?"

"అడుగుదునురా. సంతకాలయ్యాక అడుగుదును."

"సంతకాలయ్యాక ఎవడు వింటాడు? నీకు తెలియదూ?"

అన్నయ్య చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"ఇరవై మూడు సెట్లు చేశావు. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదిరా?"

ఆ లెక్క నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"ఎలా తెలుసు నీకు?"

"పాత షెడ్డు నంబరు ఇంకా నా ఫోనులోనే ఉంది. నాదోలా కావాలని అడిగినవాళ్ళకి నీ నంబరు ఇచ్చేది ఎవరనుకున్నావు? చేయించుకున్నాక వాళ్ళే ఫోన్ చేసి, బాగుందండీ, మీ తమ్ముడి చెయ్యి మంచిదండీ అని చెప్పేవాళ్ళు. నువ్వేమో ఆ కంప్యూటర్లో ఫొటో చూసి వస్తున్నారనుకున్నావు. పిచ్చి సన్నాసి."

ఆ మాట అనేసి మిగతా మెట్లు దిగిపోయాడు. నేను కిందికి వచ్చేసరికి ఆటోలో కూర్చుని ఉన్నాడు. రమ్మని అనలేదు. నేనూ వస్తాననలేదు.

నాలుగు నెలల తర్వాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ పేరు తమదని, నా వెబ్ పేజీలోంచి తీసేయాలని, ఏ వస్తువు మీదా వాడకూడదని. కింద ఫొటోస్టాట్ అతికించారు. ఏడేళ్ళుగా వాడలేదని మేమిద్దరం పెట్టిన సంతకాలు, పైన ఆయనది, కింద నాది. ఈసారి కూడబలుక్కుని మొత్తం చదివాను. నాకు తెలిసిన ప్లీడరు గుమస్తాకి చూపిస్తే, "మీరు అంతకుముందే వాడుతున్నారని ఏమన్నా ఆధారముంటే పోట్లాడొచ్చు. కానీ ఇది చూశాక మీ మాట ఎవరు నమ్ముతారండీ?" అని నా చేతికే తిరిగిచ్చేశాడు.

అన్నయ్య ఇంకా అల్లుడింట్లోనే ఉన్నాడు. వదిన ఒకసారి ఫోన్ చేసింది. "మీ ఇద్దరికీ నా బట్టల పెట్టె మీద కక్ష ఉంది," అని, ఇంకేదో అనబోయి పెట్టేసింది.

మెట్ల మీద ఆయన అన్నది నిజమో, ఆ కోపంలో నన్ను కాల్చడానికి అల్లిన మాటో నాకు తెలియదు. తెలుసుకోవడం పెద్ద పనేం కాదు. సెట్లు కొన్నవాళ్ళ నంబర్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఒక్కరికి ఫోన్ చేసి, నా నంబరు మీకు ఎవరిచ్చారండీ అని అడిగితే సరిపోతుంది. అడగలేదు. ఫొటో చూసే వచ్చారని అనుకుంటూ, గడువు తీరకముందే వెళ్ళి డొమైన్‌కి మళ్ళీ ఒక ఏడాదికి కట్టి వచ్చాను.