మొక్కింది ఒకరు, నడిచింది ఒకరు

నేను ఒక చెప్పుల జతని. లెక్కకు ఇద్దరమే అయినా ‘నేను’ అనే చెప్పుకుంటాను. ఒకటి పోతే రెండోదాన్ని ఎవరూ చెప్పు అని కూడా అనరు, చెత్త అంటారు. అందుకని మా మధ్య నువ్వా నేనా అన్న మాట ఎప్పుడూ రాలేదు.

నన్ను కుట్టినవాడు దేవసహాయం. కర్నూలు వైపు ఒక పట్నంలో, బస్టాండు గోడ నానుకుని గోనెపట్టా నీడలో కూర్చునేవాడు. పైన తోలు, కింద లారీ టైరు ముక్క. అతను వారమంతా మేకులు కొట్టేవాడు. ఆదివారం చర్చిలో మేకుల గురించి విని కళ్ళు తుడుచుకునేవాడు. సోమవారం మళ్ళీ మేకులే. నేను పూర్తయిన రోజు నన్ను తిరగేసి అరచేత్తో తట్టి, మనిషి అరిగినా ఇవి అరగవని కొనడానికి వచ్చినాయనకు చెప్పాడు. అది ఆశీర్వాదమో బేరమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ కొన్నాయన పేరు వెంకోబరావు. తాలూకాఫీసులో హెడ్‌గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. రెండేళ్ళు ఆయన కాళ్ళకు ఉన్నాను. పార్కు, లైబ్రరీ, ఆంజనేయస్వామి గుడి, ఇల్లు. బాధలేని బతుకు. అంతలో ఒకే నెలలో ఆయన మోకాలు వాచింది, బోరు మోటారు కాలింది, అల్లుడు మాట్లాడటం మానేశాడు. జాతకం చూసినాయన ఏల్నాటి శని అన్నాడు. మోటారు కాలింది కరెంటు వల్ల, అల్లుడు అలిగింది ఈయన నోటి వల్ల. ఆ రెండు సమయాల్లోనూ నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. కానీ చెప్పుల్ని సాక్ష్యం అడిగేవారెవరు?

శని పాదాల నుంచి పడుతుందట. శనివారం నాడు వాడిన చెప్పులు గుడి దగ్గర వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోతే వాటితో పాటే పోతుందట. అంతకు ముందు రెండుసార్లు అదే గుడి దగ్గర ఆయన చెప్పులు ఎవరో ఎత్తుకుపోతే ఆ దొంగ చేతులు పడిపోవాలని తిట్టినాయన, ఈసారి దొంగ కోసం దేవుడికి కొబ్బరికాయ కొట్టాడు.

మొదటి శనివారం నన్ను గుడి మెట్ల కింద వదిలి గబగబా నడిచాడు. వంద గజాలు పోలేదు, పూలమ్మే గిడ్డమ్మ నన్ను చేత పట్టుకుని మండే రోడ్డు మీద ఉత్తకాళ్ళతో పరుగెత్తింది. అయ్యోరూ, చెప్పులు మరిచిపోయినారని ఆయన కాళ్ళ ముందు పెట్టి ఆయాసపడింది. ఆయన ఆమె వైపు చూసిన చూపు, అలిగిన అల్లుడి వైపు కూడా చూసి ఉండడు. రెండో శనివారం రథం షెడ్డు వెనక దాచిపెట్టి పోయాడు. గుడి వాచ్‌మన్ గుర్తుపట్టి, మరునాడు పొద్దున్నే సైకిలు మీద ఇంటికి తెచ్చిచ్చాడు. మంచివాళ్ళు ఎక్కువైతే ఒక్కోసారి శనికి కూడా దారి దొరకదు.

మూడోసారి వెంకోబరావు గిడ్డమ్మను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. ఆమె సరేనని తలూపింది. ఆయన వెళ్ళాక తన పూలబుట్టను నాకు నాలుగు బారల దూరం జరుపుకుంది.

అక్కడ పది రోజులు పడి ఉన్నాను. ఊడ్చేవాళ్ళు చీపురుతో కాదు, కట్టెతో నన్ను గోడ వారకు నెట్టారు. ఒక మధ్యాహ్నం చెప్పుల దొంగ కూడా వచ్చాడు. నన్ను చూసి వంగాడు, శనివారం నుంచి పడి ఉన్నానని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు, చెంపలు వేసుకుని పక్కనున్న కొత్త జత తీసుకుని పోయాడు. నాలో నిజంగా ఏమైనా ఉందా అని నన్ను నేనే వెతికి చూసుకున్నాను. ఎడమ మడమ దగ్గర కాస్త అరుగుదల, ఒక వంగిన మేకు. ఇంకేమీ కనిపించలేదు.

ఆ గుడి పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా ఉంటుంది. మధ్యాహ్నం గుడిలో పెట్టే అన్నం కోసం రోగుల వెంట వచ్చినవాళ్ళు వరుసలో నిలబడతారు. ఏ దేవుడి మనుషులని అక్కడ ఎవరూ అడగరు, ఆకలే టోకెను. అలా వచ్చింది హుసేన్‌బీ. భర్త దస్తగిరి బేల్దారి పనిలో గోడకు కట్టిన సారవ కర్రల మీద నుంచి పడితే, తొడ ఎముక విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. అతన్ని ఆటోలోకి ఎక్కించే తొందరలో ఆమె చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. ఆ రోజు నుంచి ఉత్తకాళ్ళే. ఇవి ఎవరివని ఆమె గిడ్డమ్మను అడిగింది. గిడ్డమ్మ గొంతు తగ్గించి అంతా చెప్పింది.

హుసేన్‌బీ కాసేపు నన్ను చూసి అంది: “అంత పెద్దాయప్ప ఇడిసిపెట్టినంక శనికి గూడ యాడో ఒకతాన దిక్కుండల్ల గదక్కా. రానీ మా కాడికి. ఆయన కుచ్చునేకి గూడ తావుండదు.”

తొడుక్కుంది. కొంచెం పెద్దవయ్యాయి. వేళ్ళు ముడిచి పట్టుకుని నడిచింది.

ఆసుపత్రి వరండాలో ఆమె చాప పక్కన ఇంకో చాప ఉండేది. అది సుంకులమ్మది. ఆమె కూతురు శివలీలకు ఏడో నెలలోనే ఫిట్స్ వస్తే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, కిలో మూడు వందలు. తల్లి పాత బిల్డింగులో, మంచం దిగలేని స్థితిలో. బిడ్డ ఆవరణకు అవతల, గాజుపెట్టెల గదిలో. అల్లుడు బెంగుళూరు పని నుంచి వచ్చి రెండు రోజులుండి పోయాడు. ఈ బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే ఏదీ సరిపడదని, రెండు గంటలకొకసారి తెచ్చివ్వమని డాక్టరమ్మ చెప్పింది. పాస్ ఒక్కరికే ఇచ్చారు. కాబట్టి శివలీల పిండిన పాలను ఉగ్గుగిన్నెలో పట్టుకుని, పైన అరచెయ్యి మూసి, సుంకులమ్మ ఆ ఆవరణ దాటాలి. గిన్నె అడుగున ఉండేవి రెండు చెంచాలు. ఆ రెండు చెంచాల మీదే ఆ బిడ్డ ప్రాణం నడుస్తోంది.

అది మే నెల. ఆవరణంతా సిమెంటు. సుంకులమ్మ కాళ్ళకు చెప్పులు లేవు. లేక కాదు. బిడ్డా బిడ్డ బిడ్డా ఇద్దరూ క్షేమంగా ఇంటి గడప తొక్కేదాకా చెప్పు తొడగనని ఈరన్నసామికి మొక్కుకుంది.

ఆరో రోజుకు ఆమె అరికాళ్ళు బొబ్బలెక్కి పగిలాయి. ఏడో రోజు మధ్యాహ్నం నడిమధ్యలో కాలు తడబడింది. గిన్నె వంగింది. సిమెంటు మీద పడిన పాలు చూస్తుండగానే ఆరిపోయాయి. ఆమె మళ్ళీ వెనక్కి వెళ్ళి కూతురికి చెప్పలేక చెప్పింది. శివలీల ఏడుస్తూ మళ్ళీ పిండింది. ఈసారి చెంచా కూడా రాలేదు.

హుసేన్‌బీ నన్ను విప్పి సుంకులమ్మ ముందు పెట్టింది. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. మొక్కు చెడితే సామి బిడ్డ మీద చూపిస్తాడని భయం. నేనిచ్చే చెప్పులు నీవి కావు కదా అని హుసేన్‌బీ వాదించి చూసింది. చెప్పులెవరివైనా కాళ్ళు నావే కదా, ఆ మాత్రం సామికి తెలియదా అని సుంకులమ్మ.

“మొక్కు ఇంకొకరికి అప్పజెప్పేకి వస్తాదా రాదా, అది చెప్పు నాకు,” అంది హుసేన్‌బీ.

“మొక్కేమన్నా కడవా, సంక మార్చుకునేకి?”

“నీకు చిన్నప్పుడు గుండు కొట్టించినారా?”

“కొట్టించిరి. అగ్గిబొబ్బలు పోసినప్పుడు మాయమ్మ మొక్కుకున్యాది.”

“సూస్తివా. మొక్కింది మీయమ్మ, జుట్టు పోయింది నీది. మీ సామి తీసుకోలేదా? ఈ పిల్ల జుట్టు కాదు, వాళ్ళమ్మది తెండి అన్యాడా?”

సుంకులమ్మ వెనక్కి లాక్కున్న కాళ్ళను మెల్లగా ముందుకు చాపింది. దేవుడి విషయంలో వాదం ఓడిపోవడం ఆమెకు హాయిగా ఉన్నట్టు నాకనిపించింది.

“నువ్వు ఇవి ఏసుకో,” అంది హుసేన్‌బీ. “ఈ పొద్దు నుంచి నీ బదులు నేను ఉత్తకాళ్ళతో నడుస్తా. మీ సామికి నా పేరు సరిగ్గా చెప్పు. హుసేన్‌బీ, దస్తగిరి పెండ్లాము. మల్ల ఆయనకు నేనెవరో తెల్దు.”

సుంకులమ్మ కళ్ళు మూసుకుని, చాలాసేపు పెదాలు కదిలించింది. బహుశా పేరుతో పాటు ఊరు కూడా చెప్పి ఉంటుంది. తర్వాత నన్ను తొడుక్కుంది. ఆ బొబ్బల వేడి నాకు తగిలింది. ఆ సాయంత్రం పాలు ఒక్క చుక్క తొణకలేదు.

నేను చాలా మంది భక్తుల్ని గుడి మెట్ల కింద నుంచి చూశాను. హుసేన్‌బీ అంత కచ్చితంగా మొక్కు పాటించినవాళ్ళను చూడలేదు, అదీ తనది కాని మొక్కు. ఎక్స్‌రే గదికి, కుళాయికి, మరుగుదొడ్డికి కూడా ఉత్తకాళ్ళే. మధ్యాహ్నం సిమెంటు మీద మునివేళ్ళతో గెంతుతూ, ఏం సామివయ్యా, నీకు వానాకాలంలో మొక్కించుకునేకి ఏమి అని ఈరన్నను మెల్లగా తిట్టేది. శుక్రవారం మసీదు గేటు దగ్గర దువా చేయించుకోవడానికి నిలబడినప్పుడు కూడా, మనసులో ముందు గుర్తుకొచ్చేది ఈరన్నేనని నవ్వుతూ సుంకులమ్మకు చెప్పింది.

మొక్కు చేతులు మారిన నాలుగో రోజు బిడ్డ ఒళ్ళు కామెర్లతో పచ్చబడింది. నీలం దీపాల కింద పడుకోబెట్టారు. అదే రోజు మధ్యాహ్నం అన్నం వరుసలో గిడ్డమ్మ సుంకులమ్మ కాళ్ళ వైపు చూసి, బుట్ట వదిలేసి వచ్చి, ఇవి ఎవరు వదిలిపోయినవో చెప్పేసింది. మంచి మనసుతోనే చెప్పింది. సుంకులమ్మ నన్ను అక్కడే విదిలించి, అన్నం కూడా తీసుకోకుండా పరుగెత్తింది. రెండుసార్లు పాలు ఉత్తకాళ్ళతో మోసింది. ఆ శని ఉందో లేదో తెలియకపోయినా ఆ రెండు గంటలూ నేను భయపడ్డాను. నా మూలంగా ఒక పసిదానికి ఏమైనా అయితే నేను ఎవరి గుడి దగ్గర పడి ఉండాలి?

హుసేన్‌బీ నన్ను చేత్తో ఏరి తెచ్చింది. తెలిసి తెలిసి ఇట్లా చేస్తావా అని సుంకులమ్మ ఏడ్చింది.

హుసేన్‌బీ కోప్పడలేదు. “ఆ నీలం దీపాల కింద పదకొండు మంది పిల్లోల్లు ఉండారని నర్సమ్మ చెప్పె. ఆ పదకొండు మంది అవ్వలూ ఇవే చెప్పులేసుకొని పోయినారా?”

సుంకులమ్మ కన్నీళ్ళ మధ్యే లెక్క వేసుకుంది. ఆ తర్వాత మూడో రోజుకు బిడ్డ పసుపు విరిగింది. బరువు ఇరవై గ్రాములు పెరిగింది. నేను మళ్ళీ ఆమె కాళ్ళకు వచ్చాను. గిడ్డమ్మ దీన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. తురకలామె తొక్కేసరికి శని పారిపోయిందని అందరికీ చెప్పసాగింది.

మొక్కు మారిన పన్నెండో రోజు దస్తగిరికి కట్టు కట్టి ఇంటికి పంపేశారు. సుంకులమ్మ నన్ను విప్పి, తుడిచి, హుసేన్‌బీ సంచి పక్కన పెట్టింది. ఇక నా మొక్కు నాకిచ్చెయ్యమంది. హుసేన్‌బీ తీసుకోలేదు. ఎండ తగ్గలేదు, బిడ్డ ఇంకా పెట్టెలోనే ఉంది, పాలు ఇంకా మొయ్యాలి అంది. ఊర్లో అయినా మొక్కు మొక్కే కాబట్టి, బిడ్డ ఇంటికి పోయిన రోజు ఫోన్ చెయ్యమని, అంతవరకు చెప్పు తొడగనని చెప్పింది. నంబరు శివలీల ఫోనులో ఎక్కించారు. భర్త భుజం కింద తన భుజం పెట్టి ఆమె గేటు దాటుతుంటే, ఆ పాదాల వెనక వైపు పగుళ్ళు నాకు చివరిదాకా కనిపించాయి.

ఇంకా ఇరవై మూడు రోజులు పట్టింది. ఎన్నిసార్లు ఆ ఆవరణ దాటానో నాకే లెక్కలేదు. కిలో ఏడు వందలు తూగిన రోజు బిడ్డను ఇచ్చి పంపారు. ఊర్లో ఆటో దిగి శివలీల బిడ్డతో గడప తొక్కింది. సుంకులమ్మ నన్ను బయట విప్పి లోపలికి పోయి, ముందు దీపం పెట్టలేదు. ఫోన్ చేయించింది.

స్పీకరులో హుసేన్‌బీ గొంతు గుమ్మం దాకా వినిపించింది. మిరపతోటలో ఉన్నట్టుంది, వెనక ఆడవాళ్ళ మాటలు. బిడ్డ బరువు అడిగింది, పేరు అడిగింది. ఇంకా పెట్టలేదన్నారు. మొక్కు తీరింది, ఇక చెప్పులేసుకో తల్లీ అని సుంకులమ్మ చెప్పేసరికి అవతల నవ్వు.

“ఏసుకోమంటే ఏసుకుంటా గాని అక్కా, ఏమేసుకునేది? ఉండే జత నీ కాళ్ళకుండాది గదా.”

సుంకులమ్మ ఫోన్ కూతురి చేతికిచ్చి, బయటకు వచ్చి నా వైపు చూసింది. ఇన్నాళ్ళూ అవతల ఒక దేవుడి కోసం నడుస్తున్న మనిషి, రేపటి నుంచి ఎవరి కోసమూ కాకుండా అవే ముళ్ళ మీద నడుస్తుంది. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

మరునాడు పొద్దున నన్ను కడిగి, ఆముదం రాసి, పాత చీర ముక్కలో చుట్టింది. ఆమె సొంత చెప్పులు చూరులో దోపి ఉన్నాయి. తీసి చూసుకుని మళ్ళీ అక్కడే దోపేసింది. మొక్కు తీరిపోయింది కదమ్మా, ఏసుకొని పో అని శివలీల కోప్పడింది.

“నాది తీరె. ఆయమ్మది తీరల్ల గదా,” అంది సుంకులమ్మ.

ఇప్పుడు బస్సు దిగి, మిరపతోటల మధ్య మట్టిదారిలో పోతున్నాం. హుసేన్‌బీ ఊరు రెండు మైళ్ళట. ఎండ బాగా ఎక్కింది. దూరంగా ఒక ఆడమనిషి తల మీద కొంగు కప్పుకుని, మునివేళ్ళ మీద గెంతుతూ ఎదురు వస్తోంది. సుంకులమ్మ కూడా అలాగే గెంతుతోంది. దారి మీద ఉన్నవి నాలుగు ఉత్తకాళ్ళు. రెండేళ్ళు మనుషుల బరువు మోసిన నేను మాత్రం, ఆముదం వాసనలో, మెత్తటి గుడ్డలో, ఒకామె గుండెకు ఆనుకుని నీడలో పోతున్నాను.