నా ఇష్టంతోనే సార్

లత సర్పంచ్ పదవికి నామినేషన్ వేసిన మర్నాడే ఊళ్లో డప్పు మోగింది. లత మొగుడు ఎల్లేశం గీసిన కల్లు ఎవరూ తాగొద్దు, ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడొద్దు, మాట్లాడితే జరిమానా! కథలాపూర్ దగ్గరి ఆ ఊళ్లో అభివృద్ధి కమిటీ ఎవరి పేరు చెబితే వాళ్లే సర్పంచ్. పోటీ అన్న మాటే వాళ్లకు గిట్టదు. పేరు చూడండి, అభివృద్ధట!

లత మొగుడు ఎల్లేశం మస్కట్‌లో ఏళ్లకేళ్లు గొడ్డుచాకిరీ చేసి, ఇక చాలనుకుని తిరిగొచ్చి తాటిచెట్లెక్కుతున్నాడు. ఇప్పుడు గీసిన కల్లు గీసినట్టే చెట్టు మొదట్లో పారబోస్తున్నాడు. ఇట్లాగే సాగితే మళ్లీ విమానం ఎక్కడమే గతి. ఆ భయం లతను నిద్రపోనివ్వలేదు. పదవి పోతే పోనీ, మనిషి ఇంటిపట్టున ఉంటే చాలనుకుంది.

నామినేషన్ వాపసు తీసుకోబోతే ఆఫీసరు అడిగాడు.

"ఎవరైనా బలవంతం చేశారా అమ్మా?"

మంచివాడే పాపం. కానీ తలుపు బార్లా తెరిచి ఉంది. ఎదురుగా వరండాలో కమిటీ పెద్ద బుచ్చయ్య మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఆ తలుపు మూసి అడగాలన్న ఇంగితం ఉండొద్దూ!

"లేదు సార్. నా ఇష్టంతోనే," అంది లత. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

సాయంత్రానికి కట్టుబాటు తీసేశామని మళ్లీ డప్పు వేశారు. పక్కింటి మొగిలవ్వ పరుగున వచ్చి లతను వాటేసుకుంది.

"ఏం జేద్దు బిడ్డా, భయమైంది. ఓటు మాత్రం నీకే ఏద్దామనుకున్న."

"గా మాట గప్పుడు గోడ అవుతల నుంచి అన్నా నాకు ధైర్యముంటుండె గదా అవ్వా," అని లత ఏడ్చింది.

ఊరంతా కల్లుకు కదిలింది. అందరికంటే ముందు బుచ్చయ్యే వచ్చి దొప్పలా మడిచిన తాటిరేక నోటికి పట్టాడు. "పొయ్యి ఎల్లేశం, మనల మనకు పట్టింపులేంది?" ఎల్లేశం నవ్వు ముఖం పెట్టి ఆ రేకలోకి కల్లు లొట్టి వంచాడు. దూరం నుంచి చూస్తున్న లత హమ్మయ్య అనుకుంది.

ఇంటికొచ్చి ఖాళీ లొట్టి దించుతూ అన్నాడు ఎల్లేశం. "జగిత్యాల ఏజెంటుకు ఫోన్ చేసిన. మస్కట్ పోత."

"పిచ్చి లేసిందా నీకు? నువ్వు పోవద్దనే గదా నేను ఇడిసిపెట్టింది! కల్లంత ఒడిసిపాయె గదా!"

"ఒడిసింది. రేపు గూడ బుచ్చయ్య వస్తడు, రేక పడ్తడు. మస్కట్ల సేటు తిడ్తే తిట్టిండని నీకు ఫోన్ల చెప్పుకునేటోన్ని. ఈడ నిన్ను ఏడిపిచ్చినోని నోట్లె రోజు నవ్వుకుంట పొయ్యాలె. నాతోటి గాదు లతా."

లత ఎంత బతిమాలినా అతను వినలేదు.