ఎదిగే పిల్లికి సగం మూత

ధాన్యం గోదాము కాపలాదారును హమాలీలు చాటున మూగాయన అనేవాళ్ళు. ఆయన మూగవాడేమీ కాదు. నోటికి కూడా తాళం వేసుకుని, ఆ తాళంచెవిని గోదాము తాళాల గుత్తిలో కలిపేసుకున్నాడని వాళ్ళ వేళాకోళం. ఏ బస్తాకు చెమ్మ తగిలిందో చెయ్యి ఆనించి చెప్పేవాడు. సాయంత్రం తలుపులు మూసేముందు గోడల వెంబడి సన్నగా పిండి చల్లేవాడు. పొద్దున ఆ పిండిలో అడుగులు చూసి ఎలుక ఎటునుంచి వచ్చిందో, ఒంటిగా వచ్చిందో సంసారంతో వచ్చిందో చదివేవాడు.

గోదామును ఆనుకుని ఉన్న ఒంటిగదిలో ఆయన, ఆయన అక్క ఉండేవాళ్ళు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. మొగుడు పోయాక అక్క తమ్ముడి పంచన చేరి, చిరిగిన గోనెసంచులు కుట్టే పనిలో కుదిరింది. మనిషి తమ్ముడి భుజం దాకా కూడా రాదు. మూడో వరస బస్తా అందుకోవాలంటే పీట వేసుకోవలసిందే.

గోదాములో చాలాకాలం పనిచేసిన ముసలి పిల్లి చచ్చిపోయాక ఎలుకలకు రాజ్యం వచ్చింది. యజమాని వచ్చి, కొరికిన బస్తాలు చూసి, పెద్దగా ఏమీ అరవలేదు. కొత్త సరుకు దిగేలోగా ఎలుకల సంగతి తేల్చకపోతే కాపలాకు వేరే మనిషిని చూసుకుంటానని చల్లగా చెప్పి వెళ్ళాడు. కాపలా పోతే గదీ పోతుంది. ఆ వయసులో తమ్ముణ్ణి, అక్కను పనిలో పెట్టుకునేవాడెవడు?

మూగాయన ఆ రోజే మాంసం కొట్టాయన దగ్గరికి వెళ్ళి పిల్లి పిల్లను అడిగాడు. కొట్టు వెనక పిల్లి ఈనిన పిల్లలన్నీ తలా ఒక ఇంటికి పోగా ఒక్కటే మిగిలింది. బూడిదరంగుది, పాలు మరిచి కొంతకాలమైంది, కాళ్ళు పొడుగు సాగుతున్నాయి. కొట్టాయన దాన్ని మెడ పట్టి ఎత్తి సంచిలో వేస్తూ, "ఇది పిల్లి కాదన్నా, తోక మొలిచిన పొట్ట" అన్నాడు.

తరవాత నవ్వు ఆపి జాగ్రత్తలు చెప్పాడు. ఎదిగే పిల్ల తన ఒంటికి మించి తింటుంది, తల్లి తినేదానికంటే తక్కువ పెడదామనుకోవద్దు. ఒక్కసారి కుమ్మరిస్తే కక్కుతుంది కాబట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు కొంచెం కొంచెంగా పెట్టాలి. పొట్ట గుండ్రంగా ఉండాలి, బిగుసుకుపోకూడదు. వీపు మీద చెయ్యి వేస్తే ఎముక తెలియాలి గానీ గుచ్చుకోకూడదు.

"ఎదుగుదల ఆగేదాకా కొలవొద్దు. ఆ తరవాత కొలుచుకో, నీ ఇష్టం."

మూగాయన తల ఊపాడు. ఆయన తల ఊపితే విన్నట్టే గానీ ఒప్పుకున్నట్టు కాదు.

గోదాములో పిల్లి తిండికి ఒక పద్ధతి ఉంది. ముసలి పిల్లికి సాయంత్రం పూట నూనె డబ్బా మూత నిండా ఉడికిన చేప తలకాయలు పెట్టేవాడు. అంతే, మళ్ళీ మరునాటి సాయంత్రమే. కడుపు నిండిన పిల్లి ఎలుక ముందే కునుకు తీస్తుందని ఆయన నమ్మకం. ముసలిది అలాగే బతికింది, అలాగే ఎలుకలను పట్టింది. ఇక ఈ పిల్ల ముసలిదానిలో సగం లేదు. అందుకని సగం మూత. ఆయనకు ఆ లెక్కలో తప్పేమీ కనబడలేదు. చిన్న బస్తాలో చిన్న బస్తాకు తగ్గ ధాన్యమే కదా పడుతుంది.

పిల్ల మొదట్లో ఎగిరింది, గోనెసంచుల మీద దొర్లింది, అక్క సూదిలోని పురికొసను పట్టుకు లాగింది. మూత నాకడం అయ్యాక ఆమె కాళ్ళ చుట్టూ తిరిగి అరిచేది. రానురాను అరుపు తగ్గింది. ఆటా తగ్గింది. కళ్ళు పెద్దవయ్యాయి, చెవులు పెద్దవయ్యాయి, మధ్యలో మనిషి చెయ్యంత ఒళ్ళు. గోడ పక్క పిండిలో దాని అడుగులు మూగాయన రోజూ చూసేవాడు. నాలుగు అంగలు వేయడం, ఒకచోట పొట్ట ఆనించి కూలబడడం, మళ్ళీ నాలుగు అంగలు. ఆ పొట్ట గుర్తు చూసి కాపు కాయడం నేర్చుకుంటోందని అనుకున్నాడు. ఎలుకల అడుగులు దాని అడుగుల మీదుగానే పోతున్నాయి.

హమాలీల పెద్ద బస్తా దించి చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "పిల్లికి బిచ్చం పెట్టనోడు అంటే సామెత అనుకున్నాం బాబాయ్, మనిషే ఉన్నాడన్నమాట. దాని కడుపులోనే ఎలుకలు పరిగెడుతుంటే బయటవాటి వెనక ఎక్కడ పరిగెత్తుద్ది?"

మూగాయన బస్తాల వరస చూసుకుంటూ ఉండిపోయాడు.

అక్క తన పళ్ళెంలోంచి తీసి చాటుగా పెట్టడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం ఆయన గదిలోకి వచ్చేసరికి పిల్ల ఆమె ఒళ్ళో మూతి నాక్కుంటోంది. ఆయన పళ్ళెం తీసి అటకమీద పెట్టాడు. దీనివల్లే అది వేటకు పోవడం లేదని, సరుకు దిగేలోగా ఇది ఎలుకను పట్టకపోతే ఇద్దరం రోడ్డున పడతామని చెప్పాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం అరుదు. అక్క సూది గోనెలో గుచ్చి వదిలేసింది.

"నాన్న కూడా ఇలాగే కొలిచేవాడు. నీకు నిండా, నాకు సగం. ఆడపిల్ల, చిన్న ఒళ్ళు, దీనికెంత కావాలి అనేవాడు."

ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

"చిన్న ఒళ్ళుగానే మిగిలాను, చూడు."

గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. సూది మళ్ళీ తీసుకుని కుట్టుకుంటూ పోయింది. ఆయన బయటికి వచ్చి, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు. నాన్న తిండి పెట్టినవాడు, చెడ్డవాడేమీ కాదని తనలో తాను అనుకున్నాడు. ఆ సాయంత్రం మూతలో సగానికి పైన ఇంకొంచెం వేశాడు. వేసి, ఒక్క క్షణం చూసి, ఆ కొంచెం వేళ్ళతో తీసేశాడు. సరుకు దిగనీ, తరవాత పెడదాం అనుకున్నాడు.

యజమాని అంతదాకా ఆగలేదు. ఎలుకల మందు కలిపిన ఉండలు తెప్పించి, గోదాము నాలుగు మూలలా పెట్టించాడు. వెళ్తూ వెళ్తూ మూగాయనను పిలిచాడు.

"పిల్లిని గదిలో పెట్టి తలుపెయ్యి. కడుపు నిండా తిండి పెట్టు. ఆకలి మీదుంటే మందు తిన్న ఎలుకను తినేస్తుంది. నిండుగా ఉన్న పిల్లయితే మూతి తిప్పుకుంటుంది."

"సరేనండి" అన్నాడు మూగాయన.

తలుపు వేశాడు. గొళ్ళెం సరిగా పడిందో లేదో లాగి చూశాడు. తిండి మాత్రం సాయంత్రం కదా పెట్టేది, అప్పుడు పెడదామనుకున్నాడు. అదీ ఆయన చేసిన పని. మొండితనం కాదు, మరుపూ కాదు. పిల్లి తిండి వేళ సాయంత్రం, అంతే. అక్క ఆ పూట కుట్టిన సంచులు అప్పజెప్పడానికి మిల్లుకు వెళ్ళి ఉంది.

గది తలుపు కింద, గడప అరిగిన చోట, చిన్న సందు ఉంది. ముసలి పిల్లికి తల పట్టేది గానీ ఒళ్ళు పట్టేది కాదు. ఇంత ఎదిగిన పిల్లకు కూడా ఒళ్ళున్నట్టు ఒళ్ళుంటే పట్టకూడదు.

మిట్టమధ్యాహ్నం బస్తాల సందులోంచి ఒక ఎలుక వెలుతుర్లోకి వచ్చి తూలుతూ నడిచింది. హమాలీలు చూసి అరుగు మీదినుంచే వేళాకోళం చేశారు. వాళ్ళు ఇంకా నవ్వుతుండగానే బూడిదరంగు పిల్ల వచ్చి దాని మీద పడింది. దాని జన్మకు అదే మొదటి వేట. మూగాయన చేతిలోని చీపురు పడేసి పరిగెత్తాడు. పిల్ల ఎలుకను నోట కరచుకుని బస్తాల వెనక్కి దూరింది. ఆయన బస్తాలు లాగాడు, హమాలీలు వచ్చి సాయం పట్టారు. వరస కదిలేసరికి ఎలుక తోక కూడా మిగల్లేదు. పిల్ల ఆయన వైపు తలెత్తి చూసింది. మూతి నాక్కుంది. చాలా రోజుల తరవాత దాని పొట్ట గుండ్రంగా ఉంది.

ఆయన దాన్ని చంకన పెట్టుకుని మాంసం కొట్టుకు పరిగెత్తాడు. కొట్టాయన ఉప్పునీళ్ళు తాగించి కక్కించాలని చూశాడు. కొంత కక్కింది. తరవాత దాని వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. ఎముకలు చేతికి గుచ్చుకుని ఉంటాయి.

"తీసుకెళ్ళన్నా. వెచ్చగా పడుకోబెట్టు" అన్నాడు, వేరే బేరగాడి వైపు తిరుగుతూ.

అక్క దాన్ని గోనె ముక్కలో చుట్టి పొయ్యి పక్కన పెట్టుకు కూర్చుంది. తెల్లవారేసరికి చిగుళ్ళు తెల్లబడ్డాయి. మధ్యాహ్నానికి ముక్కులోంచి నెత్తురు కనబడింది. ఆమె పాలు వేలితో తీసి పెదవులకు రాసింది, చేప మెత్తగా నలిపి నోటి దగ్గర పెట్టింది. మూత నిండా, మూతకు మించి పెట్టింది. తమ్ముడు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు, వద్దనలేదు. పిల్ల వాసన చూసింది. తినలేదు. పొద్దు వాలకముందే పోయింది.

మందు బాగా పనిచేసింది. కొత్త సరుకు దిగేసరికి పిండిలో ఒక్క అడుగు లేదు. యజమాని వచ్చి చూసి తృప్తిపడ్డాడు. కాపలా పనికి ఢోకా లేదన్నాడు, పిల్లి పోయిందని ఎవరో చెబితే, ఇక పిల్లితో పనేముందిలే అన్నాడు. మూగాయన చేతులు కట్టుకుని విన్నాడు.

ఆ పూట ఆయనే వండాడు. అక్క ముందు పళ్ళెం పెట్టి, ఎప్పుడూ తన పళ్ళెంలో పడేంత వడ్డించాడు, ఇంకా వడ్డించబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"తిను అక్కా."

"ఇప్పుడెందుకురా" అంది ఆమె, కోపం లేకుండా. "ఇక నేను ఎదిగేదేముంది?"

ఎప్పుడూ తినేంతే తిని లేచి, చేతులు కడుక్కుని, సంచుల దగ్గరికి వెళ్ళింది. ఆయనకు తన పళ్ళెం సహించలేదు. రెండు పళ్ళాల్లోదీ ఒక గిన్నెలోకి ఎత్తి గుమ్మం దాకా పట్టుకెళ్ళాడు. పెట్టడానికి అక్కడ ఎవరూ లేరు. గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడి, వెనక్కి వచ్చి మూత పెట్టాడు.