మూల విరిగిన హద్దురాయి

నేను ఒక హద్దురాయిని. క్వారీలో పుట్టాను. వెంచర్లో ట్రాక్టరు నుంచి దించేటప్పుడు నా తల మీద ఓ మూల విరిగింది. అలాగే పాతేశారు. తెల్లరంగు పూసి నలభై ఏడు అని రాశారు. మనుషులకు రాయి కంటే దాని మీది అంకె మీదే గురి.

నా వెనక ప్లాటు అండాలుది. ఇరవై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి కొనుక్కుంది.

"ఈశాన్యం మూల విరిగింది గద సారూ?" అని వెంచరు మేనేజరును అడిగింది.

"రాయికి వాస్తు ఉండదమ్మా, జాగకుంటది."

ఆమె నవ్వేసి, ఆ గంటులో పసుపు కూరి, కొబ్బరికాయ కొట్టింది.

రిజిస్ట్రేషన్ మాత్రం కాలేదు. మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. చివరికి మేనేజరు, "నువ్వే ఏజెంటు లైసెన్సు తెచ్చుకోరాదమ్మా? ఇద్దరికి అమ్మినవంటే నీ రిజిస్ట్రేషన్ చేపిస్త" అన్నాడు. పాపం, నమ్మింది. జాకెట్లు కత్తిరిస్తూనే పరీక్షకు చదివి, లైసెన్సు కార్డు తెచ్చుకుని మెడలో వేసుకుంది.

ఈలోగా వెంచరు గేటును అటు పక్కకు మార్చారు, లోపలి దారులన్నీ తారుమారయ్యాయి. నాకు కొత్త రంగేసి నూట పన్నెండు అని రాశారు. కాబట్టి మొదటి బేరాన్ని, బడి ఆయా కమలమ్మను, నా దగ్గరికి తెచ్చినప్పుడు అండాలు నన్ను గుర్తుపట్టలేదు. నాకు నోరుంటే అరిచేవాణ్ణి.

కమలమ్మ కొబ్బరికాయ తీసింది. బొట్టు పెడదామని వంగిన అండాలు వేలు నా గంటులోకి పోయింది. రంగు అందని ఆ సందులో తన పాత పసుపే తగిలింది. అక్కడే కూలబడిపోయింది.

"ఏమైందక్కా?"

అండాలు, వెంట వచ్చిన మేనేజరు వైపు చూసింది. అతను కళ్ళతోనే ఊరుకోమన్నాడు. ఊరుకుంటే తనకు ఇంకో ప్లాటన్నా దక్కుతుందేమో. మెడలోని లైసెన్సును గుప్పిట పట్టుకుంది.

"కొట్టకు చెల్లె. ఇది నా జాగ. నాకే అమ్మిండ్రు."

ఇద్దరూ ఏడ్చారు. మేనేజరు లైసెన్సు లాక్కోబోతే ఇవ్వలేదు.

ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే అండాలు గేటు బయట నిలబడుతుంది. లైసెన్సు చూపించి, వచ్చిన వాళ్ళనల్లా బతిమాలుతుంది. "మూల విరిగిన రాయి చూపిస్తే కొనకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత."

నిన్న పొద్దున మేనేజరు సుత్తి పట్టుకొచ్చాడు. నన్ను పీకేస్తాడనుకున్నాను. నా జోలికి రాలేదు. వెంచర్లో ఉన్న రాళ్ళన్నిటికీ వరసగా ఒక్కో మూల విరగ్గొట్టి వెళ్ళాడు.