రిబ్బన్ చెప్పిన పేరు

"రేపే నీ ఫ్లైటు. వీసా ఖలాస్," అంటూ కఫీల్, వీసా ఇప్పించిన యజమాని, ఒక ఆకాశరామన్న ఉత్తరాన్ని గుమాస్తా షంషుద్దీన్ మొహాన కొట్టాడు. కంపెనీ ధరలు పోటీవాళ్లకు అమ్ముతున్నాడని అందులో టైపు చేసి ఉంది.

అక్టోబరు మధ్యాహ్నం. బహ్రెయిన్‌లోని మనామా ఆఫీసులో అన్నం డబ్బాలు విప్పుతున్నారు. ఆరేళ్లుగా షంషుద్దీన్‌తో కలిసి తింటున్న ఖుర్రం నవ్వాడు. "పోతూ పోతూ నీ కుర్చీ నాకిచ్చిపో భాయ్."

షంషుద్దీన్ ఆఫీసు టైపు మిషన్ల దగ్గరికి నడిచాడు. మూడింటి రిబ్బన్లూ బయటికి లాగాడు. ఒక్కసారే వాడే ఆ రిబ్బన్ మీద కొట్టిన ప్రతి అక్షరం అచ్చు మిగిలిపోతుంది. రెండోదాన్ని కిటికీ వెలుగుకు పట్టి, ఉత్తరాన్ని మాట పొల్లుపోకుండా చదివాడు.

కఫీల్ లేచాడు. "ఆ మిషన్ ఎవరిది?"

"రోజూ పని కాగానే తాళం వేసి, తాళంచెవి కూడా తన జేబులోనే పెట్టుకుంటాడు సార్. ఖుర్రం."