పేరు అడిగే దారి

రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా మూడిళ్లకీ ఇంటర్నెట్టు ఒకటే. దాని పెట్టె ప్రకాశం ఇంట్లో ఉంటుంది. అతను మా చర్చి పెద్ద. పిల్లలు చెడ్డవి చూడకూడదని, కంప్యూటర్లో ఏ సైటు తెరిచినా దాని పేరు ముందు తన పెట్టెనే అడిగేలా మూడిళ్లలోనూ తనే అమర్చాడు. అడిగిన పేరు అతని ఫోనులో పడుతుంది. ఏ ఇంటివారు అడిగారో మాత్రం పడదు.

నా భార్య అన్నమ్మకి రొమ్ములో గడ్డ తగిలింది. నాకూ, మనవరాలు గ్లోరీకీ తప్ప ఎవరికీ తెలియదు. మా చర్చిలో జబ్బుపడ్డవాళ్ల పేరు ఆదివారం మైకులో చెప్పి ప్రార్థిస్తారు. ఇక వారమంతా ఇంటికి పళ్లూ, జాలి చూపులూ. నలుగురికీ తెలిస్తే ఆసుపత్రికే రానని అన్నమ్మ మొండికేసింది.

"దేవుడికి తెలిస్తే చాలు. మైకుకి అక్కర్లేదు."

అందుకే గ్లోరీ వీపీఎన్ వేసుకుని క్యాన్సర్ ఆసుపత్రులు వెతికింది. అది వేస్తే అంతా మూసిన గొట్టంలోంచి పోతుందట.

శనివారం పొద్దున ప్రకాశం వచ్చాడు. తన ఫోనులో క్యాన్సర్ ఆసుపత్రి పేరు పడిందన్నాడు. "ఎవరికో బాలేదు అన్నయ్యా. మీకేమైనా మాలూమా? రేపు ప్రార్థనలో పెడదాం."

నేను కుర్చీ జరిపి, టీ తాగి వెళ్లమన్నాను. ఎప్పుడొచ్చినా అదే అంటాను కనక అతనికి అనుమానం రాలేదు. అన్నమ్మ వంటింట్లో గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అతను వెళ్లాక గ్లోరీ వీపీఎన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చెప్పే పరీక్ష పేజీ తెరిచింది. మేము సింగపూర్‌లో ఉన్నట్టు చూపింది. కింద, పేర్లు అడుగుతున్న చోటు మాత్రం రాయ్‌పూర్ అని ఉంది.

"సరుకంతా గొట్టంలోనే పోతోంది తాతయ్యా. పేరు అడగడం మాత్రం బయటినుంచి."

నేను పనిచేసిన వర్క్‌షాపుకి వచ్చే వ్యాగన్లు గుర్తొచ్చాయి. తలుపుకి సీలున్నా, ఎక్కడికి పోవాలో చెప్పే చీటీ బయటే ఉండేది. ఆ మాటే అన్నాను.

"అంతే. చీటీ ప్రకాశం తాతయ్య చదివేశాడు" అంది.

కంప్యూటర్లకి పేర్లు తెలియవట, అంకెలే తెలుసట. నొక్కిన ప్రతిసారీ ఒక ప్రశ్న బయల్దేరి, రెప్ప వాలేలోగా జవాబు తెస్తుందట. ఇన్నాళ్లూ నా నెత్తిమీదుగా ఎన్ని ప్రశ్నలు పోయాయో.

గ్లోరీ తన కంప్యూటర్లోంచి ప్రకాశం పెట్టె అంకెలు తీసేసింది. పేర్లు కూడా వీపీఎన్‌నే అడిగేలా పెట్టింది. వీపీఎన్ తెగితే నెట్టు మొత్తం ఆగిపోయేలా చేసింది. మళ్లీ పరీక్షించింది. రాయ్‌పూర్ లేదు. బయట భన్‌పురి వైపు పోయే లారీల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి. మేం ఇక్కడే కూర్చుని, ఇక్కడ లేము.

అన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. "పక్కానా?"

"పక్కా, నానమ్మా."

"అయితే అడుగు. సోమవారం డాక్టరమ్మ ఉంటుందేమో."

ఉంటుందని వచ్చింది. టైము రాయించింది.

ఆదివారం ప్రకాశం మైకు పట్టుకున్నాడు. మా మూడిళ్లలో ఎవరికో బాలేదనీ, ఆ పేరు తనకు తెలియదనీ, ప్రభువుకి తెలుసనీ ప్రార్థించాడు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది అన్నమ్మే.