పైకి చూసే కళ్ళజోడు

అద్దాలాయనకు నలభై ఏళ్ళ అనుభవం ఉంది, రెండు మోకాళ్ళ నొప్పులున్నాయి, తన పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదన్న ధీమా ఉంది. ఆ ధీమా మంగళవారం ఉదయం పదకొండు గంటల దాకా ఉంది.

ఆ వేళకి టైలరమ్మ కొట్టులోకి వచ్చింది. మూడు నెలల క్రితం ఆమె భర్త, లిఫ్టు మెకానిక్కు, సొంత ఇంటి మెట్ల మీంచి పడి చనిపోయాడు. అందరి లిఫ్టులూ బాగుచేసినవాడు పద్నాలుగు మెట్లు దిగలేకపోవడమేమిటని జనం బుగ్గలు నొక్కుకున్నారు. కొందరు చాటుగా నవ్వుకున్నారు కూడా. జనానికేం, అనడానికి నోరుంటే చాలు.

ఆమె కుర్చీలో కూర్చుని, సంచిలోంచి రుమాలు తీసి బల్ల మీద విప్పింది. లోపల నల్ల ఫ్రేము కళ్ళజోడు. తన చేత్తో చేసింది కాబట్టి అద్దాలాయన చూడగానే పోల్చుకున్నాడు. మూడున్నర నెలల కిందటి పని.

"పడ్డప్పుడు ఎగిరి వరండాలో పడిందన్నయ్యగారూ. గీత కూడా పడలేదు చూడండి. మనిషి పోయాడు, దీనికేం కాలేదు. ఇందులోవి తీసేసి నాకు సరిపోయేవి వెయ్యండి. ఆయనదే పెట్టుకుంటాను."

కంటి ఆసుపత్రి చీటీ ఇచ్చింది. దూరపు చూపు బాగానే ఉంది, దగ్గరిదే మందగించింది. అద్దాలాయన ఎన్నో వేలసార్లు చెప్పిన పాఠం అందుకున్నాడు.

"మూడు రకాలున్నాయమ్మా. ఒక్క పవరువైతే కుట్టేటప్పుడు పెట్టుకుని, లేచినప్పుడు తీసెయ్యాలి. బైఫోకల్ అయితే పైన దూరానికి, కింద దగ్గరికి, మధ్యలో గీత కనబడుతుంది. ప్రోగ్రెసివ్ అయితే పైనుంచి కిందికి పవరు మెల్లగా పెరుగుతుంది, గీత ఉండదు. ఎదుటివాళ్ళకి మన వయసు తెలీదు."

"ఆయనవి అవే కదూ?"

"అవే. పైన యాంటీ గ్లేర్ పూత కూడా."

"వేయించుకుంటారు మరి. షోకిల్లారాయుడు," అని నవ్వబోయి ఆపుకుంది.

నిజానికి అది షోకు కాదు. లిఫ్టులో ట్యూబులైటు అద్దాల మీద పడితే తన కళ్ళు ఎవరికీ కనబడవనీ, కళ్ళు కనబడకపోతే మనిషి మాట నమ్మరనీ అన్నాడు మెకానిక్కు. అందుకని ఆ పూత కోరాడు. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని అన్నాడు. నేను డాక్టర్ని కాను బాబూ అని ఎన్నిసార్లు మొత్తుకున్నా "డాక్టరుగారూ" అనే పిలిచేవాడు. ఇప్పుడా అద్దాల మీద పూత తాలూకు పచ్చటి మెరుపు పల్చగా కదులుతోంది. అద్దాలాయనకి ఎందుకో ఆ కళ్ళజోడుని బోర్లించాలనిపించింది.

"మీకు చెప్తే ఏమనుకుంటారో," అంది టైలరమ్మ. "ఆయన్ని నేనే చంపుకున్నాను."

"ఊరుకోమ్మా, అవేం మాటలు."

"నిజమే అన్నయ్యగారూ. సూదిలో దారం ఎక్కక పిలిచాను. అద్దాలు పెట్టుకోవే అని రెండేళ్ళు పోరారు. నాకప్పుడే ముసలితనమేంటని మొండికేశాను. ఆ రోజు ఆయన మేడ మీద ఉంటే, కింద నుంచి కేకేశాను. అర్జెంటు జాకెట్టు, తొందరగా రమ్మన్నాను. వస్తున్నా అన్నారు." రుమాలు అంచు సరిచేసింది. "మిషను ముందు కూర్చుంటే ఇప్పటికీ ఆ మాటే వినబడుతుంది. అందుకే సూదిలో దారం మార్చడం మానేశాను. ఈ అద్దాలొస్తే నేనే ఎక్కించుకుంటాను. ఇక ఎవర్నీ పిలవను."

అద్దాలాయన చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. పాత అద్దాలు ఊడదీసేముందు వాటిని ఒకసారి చదవడం ఆయనకు అలవాటు. ప్రోగ్రెసివ్ అద్దంలో మామూలు కంటికి ఆనని చిన్న చిన్న సున్నాలు చెక్కి ఉంటాయి. నోటి ఆవిరి ఊదితే అవి పైకి తేలి, ఆవిరి ఆరగానే మాయమవుతాయి. ఆయన ఊదాడు. సున్నాలు లేచాయి. వాటి మీద పెన్నుతో చుక్కలు పెట్టి, కళ్ళజోడుని కంపెనీవాళ్ళ గీతల కాగితం మీద ఉంచాడు. కంటిపాప ఎక్కడుండాలో చూపించే గుర్తు ఎక్కడ పడిందో చూశాడు.

గుర్తు బాగా పైన ఉంది.

కాగితం సరిగ్గా లేదేమో అనుకున్నాడు. మళ్ళీ ఊదాడు, మళ్ళీ చుక్కలు పెట్టాడు. అక్కడే ఉంది.

"అమ్మా, ఇది పెట్టుకుని ఆయన దిగిన ఫోటో ఏదైనా ఉందా?"

ఆమె ఫోను తీసి ఇచ్చింది. తెరమీదే ఉన్నాడు మెకానిక్కు, తిన్నగా ఎదురుగా చూస్తూ. కంటిపాపలు ఫ్రేముకి దాదాపు నడిమధ్యలో ఉన్నాయి. అద్దంలోని గుర్తు వాటికి నాలుగు మిల్లీమీటర్లు పైన ఉంది. అంటే తిన్నగా చూసినా అతనికి కింది పవరే అడ్డొచ్చేది. తల దించితే నేల ఉబ్బి, అలికినట్టై, దగ్గరికొచ్చినట్టు కనబడేది. మెట్టు ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు.

ఇంత పొరపాటు తన చేతిలో ఎలా జరిగింది? ఆ ప్రశ్న పూర్తికాకముందే ఆయనకు జవాబు తెలిసిపోయింది.

ఈ పనిలో మొట్టమొదటి నియమం, ఫ్రేము పెట్టించి కంటిపాప ఎదురుగా గుర్తు పెట్టేవాడు స్టూలు లాక్కుని కూర్చోవాలి. తన కళ్ళూ వచ్చినవాడి కళ్ళూ ఒకే ఎత్తులో ఉండాలి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఈ మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినవాడు ఈయనే. ఆ రోజు మోకాళ్ళు పట్టేశాయి. ఒక్క రెండు చుక్కల కోసం కూర్చుని లేవడమెందుకని నిలబడే కానిచ్చాడు. నిలబడి కబుర్లు చెప్తుంటే, మెకానిక్కు కళ్ళెత్తి ఆయన మొహంలోకి చూస్తూ నవ్వుతున్నాడు. పైకెత్తిన ఆ కంటిపాపల మీదే చుక్కలు పడ్డాయి.

వారం తిరక్కుండానే అతను మళ్ళీ వచ్చాడు. "మెట్లు తేలుతున్నాయి డాక్టరుగారూ" అన్నాడు. అద్దాలాయన ఊది చూడలేదు, కాగితం తియ్యలేదు. "కొత్తలో అందరికీ అంతే. రెండు వారాలు తియ్యకుండా పెట్టుకో, అదే అలవాటవుతుంది," అని భుజం తట్టి పంపేశాడు. ఆ తర్వాత పదోరోజున పోయాడని తెలిసి, పాపం అనుకుని, అన్నం తిన్నాడు. ఆ అన్నం తిన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

గోడ నిండా ఫ్రేములున్నాయి. అన్నీ ఖాళీవే. అయినా వాటన్నిట్లోంచీ ఎవరో కళ్ళెత్తి తననే చూస్తున్నట్టు ఆయనకు అనిపించింది. చుక్కలు తుడిచేస్తే సరిపోతుంది. అద్దాలు ఊడదీసి చెత్తబుట్టలో వేస్తే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. బల్ల మీద గుడ్డ ఉంది, చెయ్యి దాని దాకా వెళ్ళింది కూడా.

"ఏమైందన్నయ్యగారూ? ఫ్రేము పనికిరాదా?"

ఆమె చూపుడువేలు కొస సూది పోట్లతో గరుకుబారి ఉంది. ఇక ఎవర్నీ పిలవనన్న మాట ఆయన్ని వదల్లేదు.

"మీరు పిలిచినందుకు పడలేదమ్మా," అన్నాడు.

చెప్పాడు. స్టూలు సంగతి, మోకాళ్ళ సంగతి, నాలుగు మిల్లీమీటర్ల సంగతి, అతను రెండోసారి వస్తే పంపేసిన సంగతి. ఒక్కటీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆమె కళ్ళజోడు వంకే చూసింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"ఇప్పుడే. మీ ముందే తెలిసింది."

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా."

"తెలిసేది కాదమ్మా."

ఆమె ఆ కళ్ళజోడు తీసి పెట్టుకుంది. తల వంచి నేల వైపు చూసింది. ఒక్కసారిగా కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలాగే చాలాసేపు నేలను చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా కళ్ళు పైకెత్తి, నిలబడి ఉన్న అద్దాలాయన మొహంలోకి చూసింది. పచ్చటి మెరుపు జారిపోయి, లోపల కళ్ళు తేటగా కనబడ్డాయి. ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు.

"మీ దగ్గర్నుంచి వచ్చి ఆ రోజు ఏమన్నారో తెలుసా?" అంది. "డాక్టరుగారు సరిగ్గానే చేశారే, నా కళ్ళకే ఇంకా తెలివి రాలేదు, అన్నారు."

ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించింది అద్దాలాయనకు.

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. గోడ మీంచి ఒక మామూలు గోధుమరంగు ఫ్రేము తనే ఎంచుకుంది.

"గీత ఉన్నవే వెయ్యండి. ఎక్కడిదాకా దూరమో, ఎక్కణ్ణించి దగ్గరో నాకు కనబడుతుండాలి. పూతలేం వద్దు." కుర్చీలో నిటారుగా సర్దుకుంది. "గుర్తు పెట్టండి. కూర్చుని పెట్టండి."

ఆయన స్టూలు లాక్కున్నాడు. మోకాళ్ళు కరకరమన్నాయి, పళ్ళబిగువున కూర్చున్నాడు. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులోకి వచ్చాయి. పెన్నుతో గీత పెట్టాడు. కొలిచాడు, చెరిపి మళ్ళీ పెట్టాడు. ఆమె రెప్ప వెయ్యకుండా ఓపిగ్గా కూర్చుంది.

శనివారం వచ్చి తీసుకుంటానని చెప్పి లేచింది. నల్ల కళ్ళజోడుని రుమాల్లో చుట్టి ఆయన అందించబోయాడు. ఆమె రుమాలు మాత్రం లాక్కుని సంచిలో పెట్టుకుంది.

"నాకెందుకన్నయ్యగారూ? అది ఇంట్లో ఉంటే ఆయన నన్ను చూస్తున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. అందులోంచి కళ్ళెత్తి చూసిన ఆయనకు సరిగ్గా కనబడింది మీరొక్కరే."

ఆమె తలుపు తీసుకుని, గుమ్మం ముందున్న రెండు మెట్లు గోడ పట్టుకుని దిగి వెళ్ళిపోయింది. అద్దాలాయన స్టూలు మీంచి లేవలేదు. లేచి నిలబడితే బల్ల మీదున్న నల్ల కళ్ళజోడు కళ్ళెత్తి చూస్తుందని ఆయనకు తెలుసు.